బండిమీది స్టిక్కరు

వాహనము కొన్ననాడు దానిమీద స్టిక్కరు అంటించుటకు అరనిమిషము చాలును. ఇష్టదైవము పేరో, పిల్లవాని ముద్దుపేరో, అభిమాన నటుని బొమ్మయో వెనుక భాగమున వెలయును. అమ్మిన దుకాణమువారు తమ పేరు ముందే అంటించి పంపుదురు. కొన్నేండ్లకు బండి చేతులు మారును. కొన్నవారికి ఆ పేర్లతో పనిలేదు. అప్పుడు గోటితో గీకుదురు, చాకు తెత్తురు, తుదకు పెట్రోలు గుడ్డతో రుద్దుదురు. స్టిక్కరు సగము పోవును, దానితో రంగును పోవును. ఆ రంగును దక్కించుకొను విధమును గూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేయుదుము.

కారు రేకుపై రంగు ఒక్క పొర కాదు. తుప్పును ఆపు పొర, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని పైన క్లియర్ కోటు అను తేటపొర ఉండును. ఇవన్నియు కలిసి సుమారు మిల్లీమీటరులో పదవవంతు మందము. నిగనిగలాడు ఆ తేటపొర అందులో సగమునకు మించదు. చాకుమొన ఒక్కసారి జారి రంగుదాక దిగినచో ఆ గీత ఏ పాలిషుకును లొంగదు.

ఇక జిగురు సంగతి. అది వేడికి మెత్తబడును, చలికి బిగియును. స్టిక్కరు రేకు ఎండకు ఎండి పెళుసెక్కును. అందుచేత నిరుటి స్టిక్కరు ఒక్క ముక్కగా వచ్చును. పదేండ్లనాటిది పెచ్చులుగా రాలును.

ముందుగా ఆ చోటును సబ్బునీటితో కడుగవలెను. దుమ్ముమీద గుడ్డ రుద్దుట గరుకు కాగితముతో రుద్దుటయే. పిమ్మట జుట్టు ఆరబెట్టుకొను డ్రయ్యరును జానెడు దూరమున పట్టి, ఒకచోట నిలుపక ఆడించుచు వెచ్చచేయవలెను. రంగుపనివారి హీట్ గన్ను వందల డిగ్రీల వేడిని చిమ్మును. అలవాటు లేనివారు దానిని ముట్టకుండుట మంచిది. మన వేసవి మిట్టమధ్యాహ్నమునందు రేకు చేయి పెట్టలేనంతగా కాగియుండును. అప్పుడు లాగినచో పైరేకు మాత్రమే వచ్చి జిగురు బండికే అంటుకొని నిలుచును. నీడపట్టున చేయవలసిన పని ఇది.

పాత ప్లాస్టికు కార్డుతో ఒక మూల లేపి, నిట్టనిలువుగా గుంజక, స్టిక్కరును దానిమీదికే మడచుచు అరటితొక్క ఒలిచినట్లు మెల్లగా తీయవలెను. మొరాయించినచోట మరల వెచ్చచేయుడు. మందపు టేపుతో అతికించిన కంపెనీ అక్షరముల వెనుక నైలాను దారమును రంపమువలె ఆడింపవచ్చును. గాలిపటపు మాంజా మాత్రము వలదు. దానిలో గాజుపొడి యుండును.

జిగురు మిగిలినచో కొంచెము కిరోసినుగాని నీలగిరి తైలముగాని గుడ్డకు అద్ది, కొద్ది నిమిషములు నాననిచ్చి తుడిచి, సబ్బుతో కడుగవలెను. ఏదైనను తలుపు లోపలి అంచున ఒక చుక్క పరీక్షించి చూచుట క్షేమము. పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ చాలును. థిన్నరును, గోళ్లరంగు తుడుచు ద్రవమును మరల వేయించిన రంగును కరగించును. హెడ్‌లైటు ప్లాస్టికును బీటలు వార్చును. గుద్దుకొన్న పిమ్మట సరిగా పట్టుకొనని రంగు వేసిన తలుపైనచో స్టిక్కరుతోపాటు రంగును లేచి వచ్చును. అట్టిచోట స్టిక్కరును ఉండనిచ్చుటయే మేలని మా అభిప్రాయము.

ఈ బాధ నిన్నటిది కాదు. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు వేడుకయైనపుడు, సెయింట్ పాల్ నగరపు రంగుపనివారు కాగితములు జిగురుతో అంటించి, వాటిని పీకునపుడు కొత్తరంగును పోగొట్టుకొనుచుండిరి. అది చూచియే 3ఎం సంస్థలోని రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపును సిద్ధపరచెను.

అద్దము సంగతి వేరు. వెలుపలివైపున సబ్బునీరు చల్లి కొత్త బ్లేడును పడుకోబెట్టి నడుపవచ్చును. వెనుక అద్దము లోపలివైపున మంచు కరగించు సన్నని తీగగీతలుండును; అక్కడ బ్లేడు తగులరాదు. 2012లో సుప్రీంకోర్టు తీర్పుతో నల్ల ఫిల్ములు తీయవలసి వచ్చినపుడు ఈ జాగ్రత్త యెంతయో అవసరమయ్యెను. అట్టి ఫిల్మును ఆవిరితో నానబెట్టి తీయుటే సరి. ముందు అద్దముపై ఫాస్టాగు ఊడదీసినచో చెడిపోవునట్లే తయారైనది. ఒక బండినుండి తీసి మరొకదానికి అంటింపరాదు. బండి అమ్మినపుడు దానిని ఇచ్చిన బ్యాంకులో ఖాతా మూయించుట మరువరాదు. లేనిచో కొన్నవారి టోలు సుంకము అమ్మినవారి ఖాతాలో పడును.

మోటారు సైకిలు ట్యాంకుపై బొమ్మలు కొన్ని తేటపొర క్రిందనే యుండును. గోరు ఆనించి చూడుడు; అంచు తగులకున్నచో అవి ఒలువదగినవి కావు.

అన్నియు చక్కగా జరిగినను ఒక చిక్కు మిగులును. స్టిక్కరు క్రింది రంగు కొన్ననాటివలె నుండి, చుట్టునున్నది ఎండకు వెలిసియుండును. పాలిషు కొంత సరిచేయును గాని, ప్రతిసారియు తేటపొరను కొంత అరగదీయును, పలుమారులు పనికిరాదు. తెల్లబండిమీద ఆ తేడాను ఎవరును గమనింపరు. ఎఱ్ఱబండిమీద మాత్రము పాత యజమాని పేరును కొన్నాళ్లు చదువుకొనవచ్చును.