వెళ్ళినవాళ్ళ చరిత్ర



ఓరుగల్లులో చరిత్ర సదస్సుకు అధ్యక్షుడంటే కాకతీయుల మీద మాట్లాడతాడని అందరూ ఎదురుచూస్తారు. శాసనాల మీద, చెరువుల మీద, తోరణాల మీద పత్రాలు చదివే సమర్థులు ఈ సభలో చాలామందే ఉన్నారు కనుక ఆ పని వారికే వదిలేస్తున్నాను. ఇవాళ నేను ఆస్కార్ హాండ్లిన్ అనే అమెరికన్ చరిత్రకారుడి గురించి మాట్లాడదలిచాను. ఆయన పుస్తకాలు చదివాక మన చరిత్రను చూస్తే అందులో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. అసలు నా బాధ ఆ ఖాళీ గురించే.

హాండ్లిన్ 1915లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదులు, కిరాణా వ్యాపారం చేసుకున్నవాళ్ళు. బ్రూక్లిన్ కాలేజీలో చదివి హార్వర్డ్‌కు వెళ్ళి, అక్కడే 1940లో డాక్టరేట్ తీసుకుని, అక్కడే జీవితమంతా పాఠం చెప్పాడు. సిద్ధాంత గ్రంథమే మరుసటి ఏడు ‘బోస్టన్స్ ఇమ్మిగ్రెంట్స్’గా అచ్చయింది. ఆలుగడ్డ కరువు తరిమితే బోస్టన్‌లో వచ్చిపడ్డ ఐరిష్ పేదల కథ అది. ఆ ఊరి చరిత్ర అంతకుముందు రాసినవాళ్ళకు పెద్ద కుటుంబాలు, మతగురువులు, ఓడల యజమానులు కనిపించారు. ఈయన జనాభా లెక్కలు, వలసవాళ్ళు నడుపుకున్న పత్రికలు ముందేసుకుని కూర్చున్నాడు. పది సంవత్సరాల తరువాత 1951లో ‘ది అప్‌రూటెడ్’ వచ్చింది, 1952లో పులిట్జర్ బహుమతి పొందింది. వలసవాళ్ళు అమెరికా చరిత్రకు అనుబంధం కాదు, ఆ చరిత్రే వాళ్ళది అన్నది ఆయన వాదం.

ఆ పుస్తకంలో పాద సూచికలు దాదాపు లేవు. నవలలా సాగుతుంది. అదే మనిషి 1979లో ‘ట్రూత్ ఇన్ హిస్టరీ’ రాసి, ఆధారాల పట్ల చరిత్రకారులకు శ్రద్ధ తగ్గిపోయిందని అందరినీ మందలించాడు. పెద్దవాళ్ళకు ఈ వెసులుబాటు ఉంటుంది కాబోలు! మన పరిశోధక విద్యార్థులు మాత్రం ఆయన్ను ఈ ఒక్క విషయంలో అనుసరించవద్దని మనవి.

ఇక వరంగల్‌కూ ఆయనకూ ఏమిటి సంబంధం? ఉంది. 1924 నాటి అమెరికా చట్టం మనుషులను పుట్టిన దేశాన్ని బట్టి కోటాలుగా విడగొట్టింది. ఉత్తర ఐరోపావాళ్ళకు తలుపు బార్లా తెరిచింది, ఇటలీ, పోలండ్ వాళ్ళకు ఓరగా వేసింది, ఆసియావాళ్ళకు మూసేసింది. 1946లో సడలించినప్పుడు కూడా భారతదేశానికి దక్కింది ఏడాదికి వంద ప్రవేశాలు. దేశం మొత్తానికి వంద! ఈ కోటాలకు పునాదిగా చూపించినది వలసల మీద వేసిన డిల్లింగ్‌హామ్ కమిషన్ నివేదిక, నలభైకి పైగా సంపుటాలు. పాత వలసవాళ్ళు మేలిరకం, కొత్తవాళ్ళు నాసిరకం అని దాని సారాంశం. 1952లో ట్రూమన్ ప్రభుత్వం వేసిన సంఘం కోసం హాండ్లిన్ ఆ సంపుటాలన్నీ తిరగేసి, అందులోని లెక్కలకూ అందులోని తీర్పులకూ పొంతన లేదని చూపించాడు. తీర్పు ముందే రాసుకుని లెక్కలు తరువాత పోగేశారని తేల్చాడు. ఆ తరువాత కూడా రాస్తూనే, వాదిస్తూనే ఉన్నాడు. 1965 అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం చేశాడు. జాతీయ మూలాల కోటా రద్దయింది. చదువుకు, నైపుణ్యానికి, కుటుంబ బంధానికి ప్రాధాన్యం వచ్చింది. ఆ ఫలితం ఒక్క హాండ్లిన్‌ది కాదు. అయినా ఆ వాదానికి చరిత్ర బలాన్ని ఇచ్చినవాళ్ళలో ఆయన పేరు ముందుంటుంది.

ఇప్పుడు మన ఊరి తేదీలు చూడండి. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. కాజీపేట దగ్గర రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ శంకుస్థాపన చేసింది కూడా 1959లోనే. తొలి జట్ల విద్యార్థులు పట్టాలు పట్టుకుని బయటికి వచ్చే వేళకు అక్కడ గేటు తెరుచుకుంది. అదే 1965లో అమెరికా వృద్ధులకు మెడికేర్ పెట్టడంతో ఆసుపత్రులకు డాక్టర్ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. హనుమకొండ, నక్కలగుట్ట వీధుల్లో ఏ ఇల్లు చూసినా ఒక కొడుకో కూతురో అమెరికాలో ఉండటానికి ఆరంభం ఇక్కడే. ఆ కుటుంబాల్లో హాండ్లిన్ పేరు విన్నవాళ్ళు ఎందరుంటారో నాకు అనుమానమే. అది వాళ్ళ తప్పు కాదు, చరిత్ర పాఠాలు చెప్పిన మా తప్పు.

కానీ ‘ది అప్‌రూటెడ్’ మనవాళ్ళకు అతుకుతుందా? అతకదనే నా అభిప్రాయం. వలస వచ్చిన రైతు తన ఊరినీ, మతాన్నీ, బంధువులనూ పోగొట్టుకుని ఒంటరివాడై నిలబడతాడని హాండ్లిన్ చిత్రించాడు. 1964లో చరిత్రకారుడు రుడాల్ఫ్ వెకోలీ దీన్ని గట్టిగా కొట్టిపారేశాడు. షికాగోకు వచ్చిన దక్షిణ ఇటలీ రైతులు తమ ఊరిని చంకన పెట్టుకునే వచ్చారని, ఊరివాళ్ళు ఊరివాళ్ళ పక్కనే కాపురం పెట్టారని చూపించాడు. మనవాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పమంటే నేను వెకోలీ పక్షాన నిలబడతాను. మారిషస్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళ వారసులు ఈనాటికీ రామభజనం చేస్తున్నారు, అమ్మోరు పండుగ జరుపుతున్నారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తున్నారు. డాలస్‌లో, న్యూజెర్సీలో బతుకమ్మ ఆడుతున్నారు. బతుకమ్మ వెళ్ళింది, దాంతోపాటు కులమూ వెళ్ళింది. తెలుగు సంఘాలు ఎందుకు చీలుతున్నాయని అడిగితే నిర్వాహకులు రకరకాల కారణాలు చెబుతారు. కులం మాట మాత్రం చివర్న, గొంతు తగ్గించి చెబుతారు.

ఇంకో లోపం కూడా ఉంది. ‘ది అప్‌రూటెడ్’లో ఆసియా లేదు. పసిఫిక్ దాటి వచ్చిన చైనావాళ్ళు, పంజాబీలు ఆయన కథలోకి రారు. 1959లో రాసిన ‘ది న్యూకమర్స్’లో న్యూయార్క్‌లోని నల్లజాతివారినీ ప్యూర్టోరికన్లనూ మొన్నటి ఐరిష్, ఇటాలియన్ల వరుసలోనే చేర్చాడు. వాళ్ళూ నెమ్మదిగా మెట్లెక్కుతారని నమ్మాడు. ఆ మెట్లు అందరికీ ఒకే ఎత్తులో ఉండవు. పాలమూరు కూలీ వలసనూ ఇంజనీరు వలసనూ ఒకే పేరుతో పిలిచి ఊరుకుంటే మనమూ అదే పొరపాటు చేసినవాళ్ళమవుతాం. వియత్నాం యుద్ధాన్ని ఆయన సమర్థించడం కూడా నాకు మింగుడుపడదు. స్వేచ్ఛ మీద అంత రాసిన మనిషి!

అయినా ఆయన దగ్గర నేర్చుకోవలసినది చాలా ఉంది. పనివాళ్ళను కూడగట్టి తెచ్చే దళారీ మీద ఆయన తరం చరిత్రకారులు పెట్టిన దృష్టి అందులో ఒకటి. ఇటలీ కూలీలను అమెరికా రైలు పనులకు తెచ్చినవాణ్ణి పద్రోనే అనేవారు. ముందు డబ్బిచ్చి, తరువాత జీతంలో కోసుకునేవాడు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన తెలుగువాళ్ళను తీసుకుపోయిన మేస్త్రీ చేసింది అదే. పాలమూరు జనాన్ని దేశమంతటా ఆనకట్టల పనులకు నడిపించిన గుంపు మేస్త్రీది కూడా అదే పద్ధతి. గల్ఫ్‌కు పంపే ఏజెంటు వీసాకు అప్పు చేయిస్తాడు, ఆ అప్పు తీరకముందే మనిషి కల్లివెల్లి అయిపోతాడు, అంటే కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాడు అవుతాడు. ఆఖరికి అమెరికాలో ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద కూర్చోబెట్టే కన్సల్టెన్సీలను చూసినా నాకు మేస్త్రీలే గుర్తొస్తారు. చొక్కా ఒక్కటే మారింది. నూట యాభై ఏళ్ళ ఈ మేస్త్రీ చరిత్రను ఒక్కచోట కూర్చిన పుస్తకం తెలుగులో రావాలి.

హాండ్లిన్ జీవితంలో రెండో సగం స్వేచ్ఛకు అంకితమైంది. భార్య మేరీతో కలిసి 1961లో ‘ది డైమెన్షన్స్ ఆఫ్ లిబర్టీ’ ప్రచురించాడు. ఆమె 1976లో చనిపోయాక రెండో భార్య లిలియన్‌తో కలిసి 1986 నుంచి 1994 దాకా అమెరికాలో స్వేచ్ఛ మీద నాలుగు సంపుటాలు రాశాడు. అడ్డం లేకపోవడం ఒక్కటే స్వేచ్ఛ కాదు, చేయగలిగే శక్తి ఉండాలి, ఆ శక్తి జనం తమంత తాము పెట్టుకునే సంఘాల నుంచి వస్తుందని ఆయన అన్నాడు. ఇది మనకు కొత్త మాట కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. నిజాం ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 కింద సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి కావలసిన రోజుల్లో, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిపినవాళ్ళకూ తెలుసు. సముద్రం అవతల ఉన్నవాళ్ళూ ఇదే చేశారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు 1931లోనే డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. జోగిపేట, డర్బన్ ఒక్క ఏడాది తేడాలో! ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన చరిత్రకారుడు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఎందుకంటే మన చరిత్ర ఉన్నవాళ్ళ చరిత్ర. రాజు ఉన్నాడు, భూమి ఉంది, శాసనం ఉంది. వెళ్ళిపోయినవాడికి శాసనం ఎవరు వేస్తారు? 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీల సమ్మె దారుణమైన అల్లర్లకు దారితీసి వందకు పైగా ప్రాణాలు పోయాయి. 1942లో జపాన్ సేనలు ముంచుకొస్తే లక్షలాది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు, వారిలో తెలుగువారు చాలామంది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఒక పేట మిగిలింది. మన పాఠ్య పుస్తకంలో ఒక వాక్యమైనా మిగిలిందా?

అంత దూరం పోనక్కరలేదు. ఈ ఊళ్ళో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు, వేల కుటుంబాలు దాని మీద బతికాయి. అది మూతపడింది. మగ్గం నడవక, మిల్లు లేక మన పద్మశాలీలు సూరత్ సాంచాల (మరమగ్గాల) మీదికి, భీవండి పద్మనగర్‌కు, అంతకుముందే షోలాపూర్‌కు తరలిపోయారు. వాళ్ళను వెనక్కి రప్పిస్తామని చెప్పే 2017లో ఇక్కడ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. సూరత్‌లో తెలుగు బడి కోసం, రేషన్ కార్డు కోసం వాళ్ళు పడిన పాట్లు స్వేచ్ఛ చరిత్రలో భాగం కాదా? అమెరికా వెళ్ళిన డాక్టరుకు సంఘాల సావనీర్లలో ఫోటో అయినా దొరుకుతుంది. సూరత్ వెళ్ళిన నేతగాడికి అదీ లేదు. హాండ్లిన్ బోస్టన్‌లో పాత పత్రికల దొంతరల మధ్య కూర్చుని చేసిన పనిని మనం ముందు ఈ నేతగాడి కోసం చేయాలి, తరువాతే డాక్టరు కోసం.

అందుకే ఈ సభను కొన్ని కోరుతున్నాను. మిల్లు కార్మికుల ఇళ్ళలో హాజరు కార్డులు, యూనియన్ కరపత్రాలు ఇంకా ఉన్నాయి, చెదలు పట్టకముందే వాటిని విశ్వవిద్యాలయానికి చేర్చండి. దుబాయి నుంచి మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు అటకల మీద ఉన్నాయి, అవి అరిగిపోకముందే కాపీ తీయండి. తొలి జట్ల డాక్టర్లకు, ఇంజనీర్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. సెలవులకు వచ్చినప్పుడు పూలదండ వేసి పంపకుండా ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎలా వెళ్ళారో, అప్పు ఎవరిచ్చారో, ఎవరిని వెంట తీసుకెళ్ళారో, ఎవరిని తీసుకెళ్ళలేదో అడిగి రాసుకోండి. వచ్చే సదస్సులో వలస చరిత్రకు ఒక పూర్తి రోజు కేటాయించాలని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. ఆ రోజు మొదటి పత్రం సూరత్ మీద ఉండాలి.