గర్భిణికి తామర మందు: మంచిచెడ్డలు ఎట్లు తెలియును?

(మాదాపూరునకు వచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మనము కూర్చున్న ఈ మాదాపూరు నలుబది ఏండ్లకు పూర్వము రాళ్లగుట్టల నడుమ నున్న పల్లె. 1998 నవంబరులో ఇచ్చట సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2007లో ఈ ప్రాంతము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో చేరినది. ఈ అద్దాల మేడలలో జరుగు పనులలో ఒకటి మీకు సంబంధించినది. ఔషధములు వాడినవారికి ఏమి మేలు, ఏమి కీడు కలిగినదో దేశదేశముల నుండి వచ్చిన వివరములను కంప్యూటర్లలో కూర్చి సరిచూచు కార్యాలయములు ఈ ప్రాంతమున గలవు. అయితే ఆ లెక్క ఇచ్చట పుట్టదు. ఎచ్చటనో ఒక ఊరిలో, ఒక నర్సు చేతి పుస్తకములో పుట్టును. అచ్చట వ్రాయనిది ఇచ్చట లెక్కకు రాదు. గర్భిణులు వాడు చర్మపు మందుల విషయమున ఈ మాట ఎంత నిజమో మీకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

ఎగ్జిమా అను వ్యాధిని మీరందరును చూచియుందురు. చర్మము ఎండి, ఎఱ్ఱబడి, పగిలి, రేయింబవళ్లు దురద పెట్టును. మోచేతుల మడతలు, మోకాళ్ల వెనుక భాగము, మెడ దీనికి నెలవులు. ఇది అంటువ్యాధి కాదు. గర్భిణులకు కలుగు దురద వ్యాధులలో ఈ జాతిదే హెచ్చు. పూర్వమెన్నడును లేని స్త్రీకి గూడ గర్భము ధరించిన కొలది నెలలలో ఇది కనిపించవచ్చును. మన పల్లెలలో దీనిని, బూజుజాతి క్రిములవలన చక్రమువలె వ్యాపించు వ్యాధిని గూడ తామర యను ఒక్క పేరుతోనే పిలుచుట కలదు. పేరు ఒకటియైనను మందు ఒకటి కాదు. ఎగ్జిమాను తగ్గించు స్టిరాయిడ్ లేపనమును బూజు తామరకు పూసినచో దురద కొన్నాళ్లు అణగును. వ్యాధి మాత్రము మరింత వ్యాపించును.

గర్భిణికి ఈ బాధ కలిగినపుడు ఇండ్లలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. కడుపుతో నున్న పిల్లకు ఏ మందును తగులరాదని అన్నియు మాన్పించుట మొదటిది. అప్పుడు నిద్ర యుండదు. గోకిన చోట్ల పుండ్లు పడి చీము పట్టును. మందు మానుటయు అపాయము లేనిది కాదని దీనివలన గ్రహింపవలెను. ఎవరినైనను దుకాణమునకు పంపి దురద ట్యూబు తెప్పించుట రెండవది. అట్లు వచ్చు ట్యూబులలో అనేకము మిశ్రమములు. వానిలో క్లోబెటాసాల్ అను అతి తీవ్రమైన స్టిరాయిడ్, బూజు మందు, క్రిమిసంహారక ఔషధము కలిసియుండుట కద్దు. ఇట్టి విచ్చలవిడి వాడుకను అరికట్టుటకే 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టిరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది.

ఇక అసలు ప్రశ్న. ఏ మందు గర్భిణికి తగునో, ఏది తగదో వైద్యునికి మాత్రము ఎట్లు తెలియును? క్రొత్త మందులను పరీక్షించునపుడు గర్భిణులను సాధారణముగా చేర్చుకొనరు. శిశువునకు కీడు కలుగునేమో యను భయమే కారణము. ఆ భయము నిరాధారమైనది కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను నిద్రమందు అమ్మకమునకు వచ్చినది. వేవిళ్లు తగ్గుటకు అనేక దేశములలో గర్భిణులు దానిని వాడిరి. కాళ్లుచేతులు సరిగా ఎదుగని శిశువులు వేలకొలది జన్మించిరి. 1961లో జర్మనీయందు లెంజ్, ఆస్ట్రేలియాయందు మెక్‌బ్రైడ్ అను వైద్యులు ఆ తల్లులు ఏ మందు వాడిరో విచారించి, దోషము దానియందున్నదని లోకమునకు చాటిరి. తల్లులను అడిగి వ్రాసికొనుటవలననే ఆ కీడు బయటపడినది.

ఇచ్చట ఒక చిక్కు గలదు. ఏ మందును ముట్టని తల్లులకు గూడ నూటికి సుమారు ముగ్గురు శిశువులు ఏదో యొక లోపముతో జన్మింతురు. అందువలన లేపనము పూసికొన్న ఒక తల్లికి అట్టి శిశువు కలిగినచో, దోషము లేపనముదని చెప్పుటకు వీలులేదు. మరియొక తల్లికి ఆరోగ్యవంతుడగు శిశువు కలిగినచో, ఆ లేపనము నిరపాయమని చెప్పుటకును వీలులేదు. వాడిన వేలమందిని, వాడని వేలమందిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినగాని నిజము తెలియదు. అందుచేత పరిశోధకులు గర్భిణిపై ప్రయోగము చేయక, వైద్యులు వ్రాసిన మందుల పుస్తకములను, ప్రసవముల పుస్తకములను జతపరచి పరిశీలింతురు.

అట్లు 2013లో ప్రకటింపబడిన ఇంగ్లండు పరిశీలన యొకటి గలదు. అందు స్టిరాయిడ్ లేపనములు వాడిన 2,658 మంది గర్భిణులను, వాడని 7,246 మందిని పోల్చిచూచిరి. శిశువుల అవయవలోపములు గాని, నెలలు నిండని కాన్పులు గాని హెచ్చినట్లు కనబడలేదు. కాని తీవ్రమైన, అతి తీవ్రమైన లేపనములను గర్భకాలమంతటను 300 గ్రాములకు మించి వాడిన తల్లుల శిశువులలో తూకము తక్కువ యగుట హెచ్చుగా కనిపించినది. 300 గ్రాములనగా 15 గ్రాముల ట్యూబులు ఇరువది. 2015లో 14 పరిశీలనలను ఒకచోట చేర్చి చూచినపుడును ఇంచుమించు ఇదే తేలినది. పిదప 2021లో డెన్మార్కు దేశమువారు 11 లక్షలకు పైబడిన గర్భముల రికార్డులను శోధించిరి. వారికి తూకపు లోపము హెచ్చినట్లు కనబడలేదు.

ఒకరు కలదనిరి, ఒకరు కనబడలేదనిరి. ఎవరిని నమ్మవలెనని మీరడుగవచ్చును. ఎంత పేరుపొందిన పరీక్షయైనను ఒక్కదానితో తీర్పు ముగియదని మన హైదరాబాదు చరిత్రయే చెప్పుచున్నది. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పోషణమున డాక్టరు ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారమను మత్తుమందును నూర్లకొలది జంతువులపై పరీక్షింపజేసెను. అది గుండెకు నేరుగా కీడు చేయదని, రోగి శ్వాసను కనిపెట్టియున్న చాలునని ఆ సంఘము తేల్చినది. ఆ నిర్ణయము నిలువలేదు. క్లోరోఫారము గుండెను ఆకస్మికముగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించెను. కావున లెక్క మరల మరల చూడవలెను. క్రొత్త లెక్కలు చేరుచుండవలెను.

ఇప్పటివరకు తెలిసినదానినిబట్టి వైద్యులు ఇట్లు చెప్పుదురు. చర్మమును మెత్తపరచు వాసెలిన్ వంటి సాధారణ లేపనములకు భయము లేదు. వానిని ధారాళముగా వాడవచ్చును. హైడ్రోకార్టిసోన్ వంటి తేలిక స్టిరాయిడ్లను వైద్యుని సలహాపై వాడవచ్చును. తీవ్రమైనవి అవసరమైనచో కొలది దినములు, కొలది మేర మాత్రమే. మొండి ఎగ్జిమాకు ఇచ్చు మెథోట్రెక్సేట్ మాత్రలు, చేతుల ఎగ్జిమాకు కొన్ని దేశములలో ఇచ్చు అలిట్రెటినోయిన్ గర్భిణులకు నిషిద్ధములు. అట్టి మందు వాడుచున్న స్త్రీ గర్భము ధరింపక పూర్వమే వైద్యునితో మాటలాడవలెను. మరియొక హెచ్చరిక. నెలలు నిండుచుండగా పొక్కులు లేకయే అరచేతులు, అరికాళ్లు విపరీతముగా దురద పెట్టినచో అది కాలేయమునకు సంబంధించిన వ్యాధి కావచ్చును. అది శిశువునకు అపాయకరము. వెంటనే ఆసుపత్రికి పంపి రక్తపరీక్ష చేయింపవలెను.

పరిశోధన మంచిదే, కాని మనుష్యుల అనుమతి లేని పరిశోధన మంచిది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలతో సహా వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేయు పథకమొకటి జరిగినది. 2010 ఏప్రిలులో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. కొందరు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అయితే తలిదండ్రులకు మారుగా వసతిగృహపు వార్డెనులు సంతకములు చేసిన సంగతి బయటపడి పార్లమెంటు స్థాయీసంఘము వరకు పోయినది. నేడు 2019 నాటి నూతన ఔషధముల, క్లినికల్ పరీక్షల నియమములు అమలునందున్నవి. వానినిబట్టి నైతిక సంఘపు ఆమోదము లేక ఏ పరీక్షయు జరుగరాదు. చేరువారికి సమస్తము వారి భాషలో వివరింపవలెను. కీడు కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము ఈయవలెను. చదువురానివారి పక్షమున నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను. అట్టి సాక్షిగా మిమ్ము పిలిచినచో, పత్రము పూర్తిగా చదివి వినిపింపకుండ సంతకము చేయకుడు.

ఇక పంచాయతీలు చేయదగిన పనులు నాలుగు గలవు. మొదటిది, గర్భిణి వాడు ప్రతి మందును, లేపనమైనను సరే, పేరు, ఎన్ని దినములు, ఎన్ని ట్యూబులు అను వివరములతో తల్లీబిడ్డల రక్షణ కార్డుతోపాటు వ్రాసియుంచునట్లు ఆశా కార్యకర్తలతోను, ఏఎన్ఎంలతోను మాటలాడుట. ఖాళీ ట్యూబును గూడ పారవేయక వైద్యునికి చూపవలెను. రెండవది, మందు వలన కీడు కలిగినట్లు తోచినచో తెలియపరచుట. 2010లో ఆరంభమైన భారత ఔషధ పర్యవేక్షణ కార్యక్రమమునకు 1800-180-3024 అను ఉచిత టెలిఫోను గలదు. రోగులే నేరుగా తెలుపవచ్చును. మూడవది, లోపముతో శిశువు జన్మించినపుడు ఫలానా మందు పూసినదని తల్లిని నిందింపకుండ చూచుట. నిందకు భయపడిన స్త్రీ వాడిన మందును దాచును. దాచినది లెక్కకు రాదు.

నాలుగవది పూర్తిగా మీ చేతిలోనిది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమునుబట్టి జనన నివేదిక పత్రమున శిశువు తూకమునకు, గర్భకాలపు వారములకు గళ్లు గలవు. డెన్మార్కువారు 11 లక్షల గర్భములను పరిశీలింపగలిగినది ఇట్టి గళ్లను విడువక నింపియుండుటవలననే. పన్నుల జమాఖర్చులో ఒక గడి ఖాళీగా నున్నచో మీరు ఊరకుందురా? జనన పత్రములోని గడిని గూడ అట్లే అడుగుడు. పంచాయతీ కార్యదర్శి ముందుంచు తదుపరి పత్రమున శిశువు తూకము వ్రాసియున్నదా లేదా యని చూచుటతో ఈ పని ఆరంభింపవచ్చును.