పంజరము వీడిన పక్షి

(విజయదశమికి ముందుదినమున ఓరుగల్లు భక్తజనుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



రేపు విజయదశమి. సాయంకాలమున మన ఓరుగల్లు ప్రజలు ఉర్సు గుట్ట వద్దనున్న రంగలీల మైదానమునకు వేలాదిగా తరలిపోవుదురు. జమ్మిచెట్టుకు ప్రదక్షిణము చేసి, జమ్మి ఆకును బంగారమని పిలిచి, పెద్దల చేతులలో నుంచి, వారి పాదములకు మ్రొక్కుదురు. ఏడాది పొడుగునా మాటలు లేనివారు సైతము ఆనాడు కౌగిలించుకొందురు. ఆ జమ్మిపూజ నాడే పాలపిట్టను కన్నులార చూడవలెనన్నది మన ఆచారము. నేడు మేము చెప్పదలచినది ఆ పాలపిట్టను గూర్చియే. అయితే ఒక చిన్నవాడు వేసిన ప్రశ్న వెంట నడచి అక్కడికి చేరుకొందము.

ఈ నవరాత్రులలో ఒకనాడు పూజకు వచ్చిన గృహస్థుని కుమారుడు, పదేండ్ల బాలుడు, హనుమకొండ హంటర్ రోడ్డులోని జంతు ప్రదర్శనశాలను అప్పుడే చూచివచ్చిన ఉత్సాహములో ఉండెను. తీర్థము పుచ్చుకొనుచు మమ్ము ఇట్లడిగెను: "అయ్యగారూ, జూలో బోను తలుపు తెరిచి ఉండి పక్షి ఎగిరిపోయిందనుకోండి. దాన్ని మళ్ళీ పట్టుకోవాలా, వదిలెయ్యాలా?"

ప్రక్కనున్న పెద్దలు నవ్విరి. తరువాత వారే రెండు పక్షములుగా చీలిరి. "స్వేచ్ఛ వచ్చిన ప్రాణిని మరల బంధించుట పాపము" అని కొందరు, "బయట బ్రదుకలేని దానిని వదలుట అంతకంటె పాపము" అని కొందరు. బాలుడు మా ముఖమే చూచుచుండెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఏలననగా ఆ ప్రశ్న మా గతములోని ఒక తప్పును తట్టిలేపినది. దానిని కూడ నేడు మీ ముందుంచెదము.

ముందుగా, ఇటువంటిదే లోకములో నిజముగా జరిగిన సంగతి వినుడు. అమెరికాలోని న్యూయార్క్ నగరమున సెంట్రల్ పార్కు జూలో ఫ్లాకో అను పెద్ద గుడ్లగూబ యుండెను. అది యూరప్, ఆసియా ఖండములకు చెందిన జాతి. 2010లో పంజరములోనే గుడ్డు నుండి వెలువడి, పసితనము నుండి దాదాపు పదమూడేండ్లు చిన్న గదివంటి చోటనే గడపినది. 2023 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి ఎవరో దుండగులు దాని పంజరపు వలను కోసివేసిరి. గుడ్లగూబ బయటపడినది. జూ ఉద్యోగులు ఎరలు పెట్టిరి, తోటి పక్షుల అరుపులను వినిపించిరి. అది చిక్కలేదు. ఎన్నడును వేటాడి ఎరుగని పక్షి ఆకలితో చచ్చునని అందరును భయపడగా, కొద్ది దినములలోనే అది ఎలుకలను పట్టి తినుట నేర్చుకొన్నది. దానిని విడిచిపెట్టుడని జనులు కోరిరి. రెండు వారముల పిమ్మట జూ వారు పట్టుకొను ప్రయత్నమును సడలించిరి.

అటుపై ఒక సంవత్సరము అది ఆ మహానగరపు మేడలపైన, చెట్లపైన తిరిగినది. జనులు దానిని చూచి ఆనందించిరి. 2024 ఫిబ్రవరి 23న ఒక భవనపు ఆవరణలో పడియుండగా కనుగొనిరి. అది మరణించినది. పరీక్షించిన వైద్యులకు దాని దేహమున నాలుగు రకముల ఎలుకల మందు కనబడినది. పావురములను తినుటచేత సోకిన తీవ్రమైన రోగమును కనబడినది. ఎలుకల మందు పెట్టినవారికి గుడ్లగూబపై పగలేదు. స్వేచ్ఛగా ఉండనిండని కోరినవారికి దానియెడ ప్రేమయే యున్నది. అయినను పక్షి బ్రదుకలేదు.

దీనికి పూర్వము 1965లో లండన్ జూ నుండి గోల్డీ అను గ్రద్ద తప్పించుకొని, పన్నెండు దినములు ఆ ప్రక్క ఉద్యానవనపు చెట్లపై విహరించినది. వేలాది జనులు చూడవచ్చిరి. చివరకు దానిని పట్టి లోపల చేర్చిరి. ఒకదానికి ప్రాణము దక్కినది, ఆకాశము దక్కలేదు. మరొకదానికి ఒక్క ఏడాది ఆకాశము దక్కినది, ప్రాణము దక్కలేదు. ఏది మేలు? "స్వేచ్ఛ" అను ఒక్క మాటతోనో, "రక్షణ" అను ఒక్క మాటతోనో ఈ చిక్కు విడిపోదు.

ఇక మన పురాణమును అడుగుదము. మనకు దూరములో లేని బమ్మెర గ్రామము పోతనామాత్యుని పేరుతో పునీతమైనది. ఆయన పేర వెలసిన ఆంధ్ర మహాభాగవతమున పంచమస్కంధమును గంగన తెనిగించెను. జడభరతుని కథ ఆ స్కంధములోనిదే. భరతుడు రాజ్యము విడిచి, భార్యాపుత్రులను విడిచి, నదీతీరమున తపస్సు చేయుచుండెను. ఒకనాడు నిండుచూలాలైన లేడి నీరు త్రాగుచు సింహగర్జన విని బెదరి నది దాటబోయినది. గర్భము జారి పిల్ల నీటిలో పడినది. తల్లి మరణించినది. కొట్టుకొనిపోవుచున్న ఆ కూనను భరతుడు ఒడ్డునకు తెచ్చెను.

ఇంతవరకు అది దయ. ఏ శాస్త్రమును దానిని తప్పుపట్టదు. కాని తరువాత ఏమైనది? గడ్డి మేపెను, ఒడిలో నుంచుకొనెను, అది కనబడకున్న విలవిలలాడెను. "నా లేడి" అనుకొనెను. ఆ లేడి అడవికి పోవలసిన వయస్సు వచ్చినది. ఆయన మనస్సు మాత్రము దానిని విడువలేదు. అంత్యకాలమున దానినే తలచుచు ప్రాణము విడిచి, మరుజన్మమున లేడియై పుట్టెను. నీటి నుండి ఎత్తిన చేయి పుణ్యము చేసినది. ఎత్తినదానిని నాది అన్న మనస్సు బంధమును తెచ్చుకొన్నది. చేయి ఒక్కటియే, ప్రాణి ఒక్కటియే. నడుమ మారినది ఎవరి కొరకు అన్న సంగతి.

మన నేలకు చెందిన మరొక కథ కలదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న భద్రాద్రి రామునికి ఆలయము కట్టించి, ఖజానా సొమ్ము వాడినందుకు తానీషా కాలమున గోలకొండ చెరసాలలో పన్నెండేండ్లు మ్రగ్గెను. అంతటి భక్తునికి ఆ కష్టమేల వచ్చినదని అడిగినవారికి మన పెద్దలు చెప్పు సమాధానము మీరెరుగుదురు: పూర్వజన్మమున ఒక చిలుకను పంజరమున బంధించిన ఫలమని. ఆ చిలుకను ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ముద్దుచేసియే యుండును. పండ్లు పెట్టియే యుండును. అయినను ఆ లెక్క చెల్లింపక తప్పలేదు. దేహము పంజరమనియు, జీవుడు చిలుకయనియు మనము నిత్యము చెప్పుకొందుము. ఇంటి వసారాలో వ్రేలాడు నిజమైన చిలుక మాత్రము మనకు గుర్తురాదు.

ఇప్పుడు పాలపిట్ట సంగతికి వత్తము. అజ్ఞాతవాసము ముగిసి, జమ్మిచెట్టుపై నుండి ఆయుధములు దించుకొన్న పాండవులకు పాలపిట్ట కనబడినదనియు, వారికి జయము కలిగినదనియు మనవారి నమ్మకము. ఉత్తరదేశమున దానిని నీలకంఠమని పిలిచి శివస్వరూపముగా తలతురు. అది చేల గట్లపైన, కరెంటు తీగలపైన కూర్చుండి మిడతలను, పురుగులను ఏరి తినును. ఎండిన చెట్ల తొర్రలలో గూడు పెట్టును. రెక్క విప్పినప్పుడే దాని నీలము లోకమునకు కనబడును. 2014 నుండి అది మన తెలంగాణ రాష్ట్రపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట, అమ్ముట నేరము.

పూర్వము మనవారు ఊరి పొలిమేర దాటి, చేలలోనికి నడచి పాలపిట్టను చూచివచ్చెడివారు. ఊళ్ళు పెరిగినవి, చేలు తరిగినవి, మనకు తీరిక తగ్గినది. పిట్ట వద్దకు మనము పోవుటకు మారుగా పిట్టయే మన వద్దకు రావలసివచ్చినది. దసరాకు కొన్ని దినముల ముందే వలపన్ని పట్టి, ఎగురకుండ రెక్కలు కత్తిరించియో, బంక పూసియో, కాళ్ళకు దారము కట్టియో, పంజరములలో గుడి వాకిళ్ళకు, వీధులకు తెత్తురు. చూచినవారు పదో ఇరువదో ఇత్తురు.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట ఒక దసరా నాడు మా ఇంటి ముందుకు ఒక పేదవాడు అట్టి పంజరము తెచ్చెను. చూచుటయే కాదు, విడిపించినచో పుణ్యము రెట్టింపగునని తలచి, మేము అతడడిగిన రూకలిచ్చి పిట్టను కొంటిమి. పిల్లలందరిని పిలిచి తలుపు తెరచితిమి. పిట్ట ఎగురలేదు. నేలపై నాలుగడుగులు దేకి గోడమూలకు ఒదిగినది. రెక్క ఈకలు సగము కత్తిరింపబడియున్నవి. "కాసేపటికి ఎగురును" అని మేము పూజకు వెడలిపోతిమి. తిరిగివచ్చునప్పటికి గోడపై కాకులున్నవి. మూలన నీలి ఈకలున్నవి. పిట్ట లేదు.

అంతతోనైనను మాకు బుద్ధి రాలేదు. "పాపము, దాని రాత" అనుకొంటిమి. మరుసటి యేడు ఆ మనిషియే మరల వచ్చి, నవ్వుచు, "అయ్యగారూ, ఈసారి మీ కోసమే పట్టుకొచ్చిన" అనెను. ఆ మాట మా గుండెలో ముల్లువలె దిగినది. మీ కోసమే! మా పుణ్యము కొరకే ఆ పిట్ట వలలో పడినది. మేము విడిపించితిమనుకొన్న పిట్ట, మా రూకల కొరకే బంధింపబడినది. ఒకదానిని కొని విడిచినచో, వచ్చు ఏడు రెండు పట్టబడును. బేరముతో వచ్చు విముక్తి బంధనమునకు పెట్టుబడి యగును. ఆ పేదవానిని మేము నిందింపము. అతనికి ఆకలి యున్నది. కొనువాడు లేనినాడు అతడు వలపన్నడు. దోషము పంజరము మోసినవానికంటె, దానియెదుట చేతులు జోడించిన మాదే ఎక్కువ.

ఇక ఆ బాలునికి మేము తరువాత చెప్పిన సమాధానము వినుడు.

నాయనా, పంజరములోనే పుట్టి, దూరదేశపు జాతియై, మన ఎండను, మన చెట్లను, మన విషములను ఎరుగని పక్షి బయటపడినచో, దానిని గాయపరుపక, ఓర్పుతో తిరిగి తెచ్చుటయే దయ. అది ఆకలితో చావవచ్చును, ఇక్కడి పక్షులను చంపవచ్చును, రోగము తెచ్చుకొనవచ్చును. అయితే తెచ్చినవారి పని తలుపు మూయుటతో తీరదు. దానికి రెక్క చాచునంత చోటు కల్పించవలెను. ఇట్టివాటిని అసలు పట్టి ఉంచుట దేనికని తమ్ము తామే అడుగుకొనవలెను. ఇక మన చేలలో, మన ఆకాశములో పుట్టి, వలలో పడిన పక్షియైనచో దానికి ఆకాశము తిరిగి ఇచ్చుటయే ధర్మము. 2015లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము సైతము ఒక ఉత్తర్వులో, పక్షులకు ఆకాశమున ఎగురు హక్కు కలదని, వ్యాపారము కొరకు వాటిని పంజరములలో బంధించు హక్కు మనుష్యులకు లేదని చెప్పినది. ఇక రెక్క తెగినదైనచో, ముందు చికిత్స, ఈకలు వచ్చువరకు కాపు, ఆ తరువాతనే విడుదల. మేము ఆనాడు గోడమూల నుండి ఆ పిట్టను మరల చేతులలోనికి తీసుకొనియుండవలసినది. పట్టుకొనుటయే ఆనాటి దయ. విడిచి పుణ్యము మూటగట్టుకొన్నామనుకొనుట మా అహంకారము.

తలుపు తెరచుటకు ముందును, మూయుటకు ముందును అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది పక్షి కొరకా, నా కొరకా? భరతుడు నదిలో దిగినప్పుడు లేడి కొరకు దిగెను. ఒడిలో దాచుకొన్నప్పుడు తన కొరకు దాచుకొనెను.

బాలుడు కొంతసేపు ఆలోచించి, "అయితే రేపు మా ఇంటికి పాలపిట్టను తెస్తే డబ్బులు ఇయ్యొద్దా?" అని అడిగెను. ఈయవద్దు నాయనా, అంటిమి. అతని తండ్రి తల వంచుకొనెను. మేమును వంచుకొంటిమి.

కావున భక్తులారా, రేపటి కొరకు మా మనవి ఇంతయే. పంజరములోని పాలపిట్టను చూచుటకు పైకము ఈయకుడు. జాలిపడి కొని విడువకుడు. అట్టి పంజరము కంటబడినచో అటవీశాఖ వారికి తెలుపుడు. వారు పిట్టను పరీక్షింపజేసి తగినచోట విడుతురు. పిల్లలను వెంటబెట్టుకొని, ప్రొద్దుటనే ఊరి బయటి చేలకు పొండు. తీగలపైన, తుమ్మకొమ్మలపైన ఓపికగా చూడుడు. కనబడినచో నిలిచి నమస్కరింపుడు. అది రెక్కవిప్పి ఎగిరినప్పుడు ఆ నీలమును చూచి నీలకంఠుని తలచుకొనుడు. కనబడనిచో చింతలేదు. ఎక్కడనో స్వేచ్ఛగా ఎగురుచున్నదని తలచి, జమ్మికి మ్రొక్కి ఇంటికి రండు. ఆ దర్శనము తక్కువది కాదు.

శ్రీ భద్రకాళీ అమ్మవారు మనకును, మన చేలపై ఎగురు ప్రాణులకును అభయమొసగుగాక!

స్వస్తి.