దద్దురులు – పథ్యము – పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఒడలిపై దద్దురులు లేచినచో పల్లెలలో మొట్టమొదట దోషిగా నిలువబడునది వంకాయ. దాని వెనుక గోంగూర, ఎండుచేప, రొయ్య, శనగపప్పు వరుసగా వచ్చి నిలుచును. విచారణ యుండదు, శిక్ష మాత్రము ఆ పూటయే అమలు జరుగును. పెద్దలు వలదనిరని వంకాయ మానుదురు. ఎదురింటివారు చెప్పిరని పాలు మానుదురు. దద్దురులు తమంతట తామే తగ్గి, నెల తిరుగక మరల వచ్చును. అంతట పప్పు కూడ మానుదురు. ఇట్లు అన్నమును చారును మాత్రమే మిగుల్చుకొని యేండ్లు గడుపు గృహిణులు కలరు. ఇంటిల్లిపాదికిని వండి వడ్డించి, తాను చారు మెతుకులతో లేచిపోవు బాలెంతరాలికి ఆ పథ్యమువలన కలిగిన మేలెంతో, కలిగిన నీరసమెంతో లెక్క చూచువారు అరుదు.

పథ్యము నవ్వదగిన విషయము కాదు. చరకసంహిత సూత్రస్థానమున 26వ అధ్యాయము విరుద్ధాహారములను విస్తరించి చెప్పినది. చేపలను పాలతో కలిపి తినరాదనుట అందలిదే. మాధవనిదానమున శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను దద్దురు జాతి రోగములకు ప్రత్యేకాధ్యాయమే కలదు. అందు చల్లగాలి సోకుటను కారణముగా చెప్పియుండుట గమనింపదగినది. ప్రతి దద్దురునకును విస్తరిలోనే కారణము వెదకుట పూర్వులకు సమ్మతము కాదు.

ఎలర్జీ యను మాట పుట్టి నూరేండ్లు దాటినది. వియన్నా నగరపు శిశువైద్యుడు పిర్కే 1906లో గ్రీకు పదములనుండి దానిని కూర్చెను. ఇతరులకు హాని చేయని పదార్థమును కొందరి శరీరము శత్రువని భ్రమించి ఎదిరించుటను నేడు ఆ మాట తెలుపుచున్నది. పిమ్మట అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు ఓక్లండు నగర వైద్యుడు ఆల్బర్టు రో, అనుమానింపదగిన ఆహారములను కొన్నాళ్లు తొలగించి తిరిగి ఒక్కొక్కటిగా చేర్చి చూచు పద్ధతిని 1920 తరువాతి సంవత్సరములలో క్రమపరచి, 1941లో దానిపై గ్రంథము వెలువరించెను. దీనిని వర్జనాహార పరీక్ష యనవచ్చును. పథ్యమునకును దీనికిని భేదమొక్కటే. పథ్యమున మానుట మాత్రమే కలదు. దీనియందు మానుటయు, మరల తినుటయు కలవు. ఆ రెండవ సగము లేనిచో పరీక్షయే కాదు.

మొదట ఒక పుస్తకము కావలెను. ఏ పూట ఏమి తినెను, ఏ మాత్ర మ్రింగెను, దద్దురు ఎన్ని గంటలకు ఎచట లేచెను, ఎప్పుడు అణగెను అనునవి రెండు వారములు వ్రాసినచో అనుమానితులు ఇద్దరు ముగ్గురుగా తేలుదురు. వారిని మాత్రమే, వైద్యునితో చెప్పి, రెండు మొదలు నాలుగు వారములు దూరముంచవలెను. దూరముంచుట యన నిజముగా దూరముంచుటయే. పాలు మానితిననుచు మజ్జిగపులుసు పోసికొనుట, వేరుసెనగ మానితిననుచు హోటలు చట్నీతో ఇడ్డెనలు తినుట వాడుకలో నున్న వింతలు. బిస్కట్ల పొట్లము మీది చిన్న అక్షరములు సయితము చదువవలెను.

నాలుగు వారములకును గుణము లేనిచో ఆ ఆహారములు నిర్దోషులు. అన్నిటిని మరల విస్తరిలోనికి రానీయవలెను. గుణము కనబడినను తీర్పు అప్పుడే చెప్పరాదు, కాకతాళీయముగా తగ్గియుండవచ్చును. ఒక్క పదార్థమును మొదటి దినము కొంచెముగా, మరునాడు కొంత హెచ్చుగా తిని, మూడు దినములు చూచి, పిమ్మటనే రెండవదాని జోలికి పోవలెను. తినగానే దద్దురు వచ్చి, మానగానే పోయి, ఇంకొకమారు తినినను వచ్చినప్పుడే నేరము స్థిరపడినట్లు.

పాలు, గ్రుడ్డు, చేప, రొయ్యలు, పీతలు, వేరుసెనగ, జీడిపప్పు వంటి గింజలు, గోధుమ, సోయా, నువ్వులు: ముఖ్యముగా అనుమానింపదగినవి ఇవి. వంకాయ పడనివారు కొందరు కలరు, నిజమే. కాని మన యిండ్లలో దానికి వచ్చిన అపకీర్తి దాని నేరమునకు మించినది. ఆరు వారములు దాటి నిత్యము లేచు దద్దురులలో అధికభాగమునకు ఆహారము కారణము కానే కాదు. ఒడలినొప్పులకు మ్రింగు ఆస్పిరిను వంటి మాత్రలు, వేడి, చలి, చెమట, మొలత్రాటి బిగువు కూడ దద్దురులు లేపగలవు. ఒకచోట లేచిన దద్దురు ఇరువదినాలుగు గంటలు దాటియు కదలక, కమిలిన మచ్చ మిగిల్చినచో వైద్యునికి చూపవలెను. ఒక్క నెత్తుటిచుక్కతో నూరు ఆహారముల గుట్టు చెప్పుదుమని పట్టణములలో అమ్ముచున్న పరీక్షలలో ఐజీజీ యనునది, తినిన వస్తువును తినినట్లు చెప్పుటకే పనికివచ్చును. అది పొయ్యి నడిగినను తెలియును.

ఇక ఈ పరీక్షకు పూనుకొనరానివారు కలరు. ఏ పదార్థము తినినప్పుడైనను పెదవులు నాలుక ఉబ్బుట, ఊపిరి యాడకపోవుట, సొమ్మసిల్లుట జరిగినవారు దానిని ఇంట మరల రుచి చూడరాదు. అట్టి వేళ పసరులకై పరుగెత్తక, అడ్రినలిన్ సూదిమందు దొరకు ఆసుపత్రికి క్షణమాలస్యము లేక చేర్పవలెను. బిడ్డలకును, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును వైద్యుడు లేక ఏదియు మాన్పించరాదు. దీర్ఘకాలము మాన్పించిన ఆహారము మరల లోనికి పోయినప్పుడు, మునుపటికంటె తీవ్రముగా తిరుగబడుట కొందరు పిల్లలలో చూడబడినది.

పిల్లలలో పాలు, గ్రుడ్డు పడకపోవుట పెక్కుమందికి వయస్సుతో తొలగును. కావున మూడవయేట విధించిన నిషేధమును, బిడ్డ బడిలో చేరిన పిమ్మట వైద్యుని సమక్షమున మరల విచారింపించవలెను.