కుర్చీలు మోయడానికేనా కుర్రాళ్ళు?

(దళితవాడ పెద్దలు, యువజనులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఏప్రిల్ 14న మనం పందిరి వేస్తాం. కుర్చీలు మోసేదెవరు? కుర్రాళ్ళు. దండలు పడేదెవరికి? పెద్దలకు. తీర్మానం రాసేటప్పుడు మాత్రం కుర్రాళ్ళని పిలవం. "నిన్నగాక మొన్న పుట్టారు, మీకేం తెలుసు?" అంటాం. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టేనాటికి ఆయన వయసెంత? 18 ఏళ్ళు!

అలాగని తప్పంతా పెద్దలదే అంటే మేం ఒప్పుకోం. మా వాడలో జరిగింది చెబుతాం. పక్క చేను ఆసామి గట్టు జరుపుకుంటూ మా శ్మశానంలోకి వస్తున్నాడు. చదువుకున్న కుర్రాళ్ళు పెద్దలకు చెప్పకుండా అర్జీ పెట్టారు. ఆసామి పెద్దల్ని పిలిచి గద్దించాడు. అప్పు ఆయన దగ్గరే, కూలీ ఆయన దగ్గరే. "పిల్లలు తెలియక పెట్టారు" అని పెద్దలు తలొంచుకొచ్చారు. "మీరు బానిసలు" అన్నారు కుర్రాళ్ళు. తండ్రీకొడుకులకి మాటల్లేవు. గట్టు మాత్రం ఇంకో రెండు బారలు జరిగింది.

మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. మేమూ మా నాన్నల్ని అదే మాట అన్నాం. వాళ్ళు తలొంచి తెచ్చిన కూలి డబ్బులే మా ఫీజులయ్యాయని తర్వాత తెలిసింది.

ఒక రాత్రి, కూలి నుంచి వచ్చాక, అందర్నీ కూచోబెట్టాం. ముందు పెద్దల భయం విన్నాం. ఆసామి పనికి పిలవకపోతే ఏ ఇంట్లో పొయ్యి వెలగదు? ఆ ఇళ్ళ పేర్లు అర్జీలో రాకుండా చూశాం. ఊరి బయట పనికెళ్ళే కుర్రాళ్ళే సంతకాలు చేశారు. 2005 సమాచార హక్కు చట్టం కింద మండలాఫీసులో దరఖాస్తుకి 5 రూపాయలు. దారిద్ర్యరేఖ కిందున్న వాళ్ళకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్వే పటం నకలు తీశారు.

పటం చదవడం కుర్రాళ్ళకొచ్చు. హద్దురాయి ఎక్కడుందో తెలీదు. ఒకప్పుడు సర్వేకి గొలుసు లాగిన వెట్టి తాతకి తెలుసు. చింతచెట్టు నుంచి అడుగులేసుకుంటూ వెళ్ళి కర్రతో గీత గీశాడు. సర్వేయరొచ్చి కొలిచాక అక్కడ తవ్వితే రాయి తేలింది. జాగా ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. గట్టు మాత్రం ఆగింది.

అందుకే మూడు మాటలు. కమిటీలో సగం మంది కుర్రాళ్ళుండాలి, వాళ్ళల్లో ఆడపిల్లలుండాలి, అందరికీ ఓటుండాలి. లెక్కల పుస్తకం కుర్రాళ్ళు రాయాలి, చదువురాని పెద్దల ముందు పైకి చదవాలి. ఎవరి కూలి పోతుందో అడక్కుండా ఏ కాగితమూ కదలకూడదు.

1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు పాడుచెయ్యొద్దని అడిగింది ఒక మాదిగ కుర్రాడు. అతన్ని కొడుతుంటే బిందె ఎత్తి అడ్డుపడింది నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త. ఆ తర్వాత జరిగిన దాడిలో ఆరుగుర్ని పోగొట్టుకున్నాం. ఆ కుర్రాడు ఒంటరివాడు కాలేదు, సువార్త బిందె ఎత్తింది కాబట్టి. మన వాడల్లో అడిగే కుర్రాళ్ళున్నారు. పెద్దలారా, వాళ్ళ పక్కన నిలబడదాం. తమ్ముళ్ళారా, ఆ పెద్దల్ని వదిలేసి ముందుకి పోవద్దు.

జై భీం!