టులెట్ బోర్డు ఎవరికోసం?



గజపతినగరం నుంచి మనోళ్లు విశాఖ పోయేది సరదాకి కాదు. కేజీహెచ్‌లో రోగిని చూపించాల. పిల్లల్ని కోచింగులో చేర్చాల. ఒకటి రెండు నెలలకి గది చాలు. టులెట్ బోర్డు ఉంటాది, చేతిలో అడ్వాన్సు ఉంటాది. అప్పుడొస్తాది ప్రశ్న: "మీరేమిట్లు?" కులం చెప్పగానే గది నిన్ననే ఇచ్చేశారంటారు. బోర్డు మాత్రం దిగదు.

కులం దాచమంటారు కొందరు. 1917లో బరోడాలో ఉద్యోగానికెళ్లిన బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు ఎక్కడా చోటు దొరక్క, పార్సీ పేరుతో పార్సీల సత్రంలో చేరారు. పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. దాచినా నీడ నిలవలేదు.

మనకు చట్టం ఉంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం అంటరానితనంతో ఇంట్లో నివాసముండనివ్వకపోవడం నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. బాధితులు ఎస్సీలైతే, సెక్షన్ 12 ప్రకారం అంటరానితనం కారణం కాదని నిరూపించుకోవాల్సింది అవతలోడే.

అందుకే గదికి ఒంటరిగా పోవద్దు. సాక్షిని తీసుకెళ్లండి. బోర్డు ఫొటో తీయండి. తేదీ, అన్న మాట రాసుకోండి. కాదంటే ఊరుకోకండి, సంఘానికి చెప్పండి. అందరం కలిసి పోలీసుస్టేషన్‌కి పోదాం. మనం అడిగేది దయ కాదు, అద్దె కట్టి ఉండే హక్కు.

జై భీమ్!