డబ్బా మీద రంగు, దాని వెనక ఎలుక

కువైట్‌లో తోట పని చేసే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఊళ్లో మందు డబ్బా మీద ఎరుపో పసుపో చూసి జాగ్రత్తపడేవాళ్లం. ఇక్కడ ఆ రంగులే లేవు. ఫోర్‌మన్‌ని అడిగితే, ఎలుకల మీద టెస్ట్ చేసిన మందే, ఏం కాదు పో అంటున్నాడు. నిజమేనా?"

ఆ రంగు కూడా ఎలుక నుంచి వచ్చిందే తమ్ముడూ. ల్యాబ్‌లో ఎలుకలకి మందు ఒక్కసారి తాగించి, రెండు వారాలు చూస్తారు. సగం ఎలుకలు చచ్చే మోతాదుని ఎల్‌డి 50 అంటారు. ఎలుక బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. మన దేశంలో ఆ అంకె 50 లోపుంటే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె చిన్నదైతే విషం ఎక్కువ. మోనోక్రోటోఫాస్‌ది 20 లోపే, అందుకే ఎరుపు. బీటీ లాంటి జీవ మందులు 5000 దాటేస్తాయి. బీటీ విషం పనిచేసేది పురుగు పేగులో. అలాంటి పేగు ఎలుకకీ లేదు, మనకీ లేదు.

టెస్ట్ చేశారంటే ఎంతకి చస్తుందో తెలిసిందని అర్థం. ఏం కాదని కాదు. ఫోర్‌మన్ మాటలో తిరకాసు అక్కడే ఉంది.

ఆ ఎలుక మందు తాగింది ఒక్కసారి, అదీ చల్లటి గదిలో. నువ్వు 45 డిగ్రీల ఎండలో, చెమటకి తడిసిన చొక్కాతో, నెలల తరబడి కొడుతున్నావు. నీకు మందు ఎక్కేది ఎక్కువగా చర్మం నుంచి. చర్మానికి పూసి చూసే పరీక్షలున్నాయి, 90 రోజులు, రెండేళ్లు మేతలో కలిపి పెట్టే పరీక్షలూ ఉన్నాయి. కానీ రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు.

ఇంకోటి, ఎలుక మనిషి కాదు. గడ్డి మందు పారాక్వాట్ సంగతి చూడండి. ఎలుక లెక్కలో అది పసుపు గుంపులోకే వస్తుంది. మనిషి కడుపులోకి పోతే మాత్రం ఊపిరితిత్తులు గట్టిపడతాయి, విరుగుడు లేదు. దాన్ని నిషేధించమని తెలంగాణలో డాక్టర్లే పోరాడారు.

సహజమైనదైతే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. వేప మందు ఎలుక పరీక్షలో ఆకుపచ్చే. అయినా 1980ల మొదట్లో మలేషియాలో జలుబుకీ దగ్గుకీ వేపనూనె తాగించిన పసిపిల్లలకి ఫిట్స్ వచ్చాయి, కాలేయం దెబ్బతింది, కొందరు చనిపోయారు. ఆ తర్వాత ల్యాబ్ జంతువులకి వేపనూనె ఇచ్చి చూస్తే వాటి కాలేయంలోనూ అలాంటి మార్పులే కనిపించాయి. (మన అమ్మమ్మలకి కోపం రావచ్చు గానీ, పసిపిల్లల నోట్లో మాత్రం వేపనూనె పొయ్యకండి.)

ఇప్పుడు అసలు భయం. గల్ఫ్‌లో మందు కొట్టేవాడు కళ్లు తిరిగి పడిపోతే అందరూ ఎండదెబ్బ అంటారు, నీడలో పడుకోబెడతారు. మోనోక్రోటోఫాస్ జాతి మందు ఎక్కినా చెమట, వాంతి, తలనొప్పి, నీరసం అచ్చం అలాగే ఉంటాయి. తేడా ఎక్కడంటే, చొంగ కారుతుంది, కంటిపాప చాలాసార్లు సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి. దీనికి ఆట్రోపిన్ ఇంజెక్షన్ ఉంది, కానీ టైముకి పడాలి. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, ఆసుపత్రికి తీసుకుపోండి. చొంగ, కంటిపాప కనపడలేదని ఆగొద్దు. ఎండదెబ్బ అయినా ఆసుపత్రి కేసే.

ఇక్కడి డబ్బాల మీద రంగు త్రికోణం బదులు ఎరుపు అంచు డైమండ్ వెతకండి. అందులో పుర్రె బొమ్మ ఉంటే పెద్ద విషం. పుర్రె లేకపోతే మంచిదని కాదు. మందు కలిపే ముందే డబ్బాకి ఫోన్లో ఫోటో తీసి రూమ్మేట్‌కి పంపండి. పెద్దక్షరాల బ్రాండ్ పేరొక్కటే చాలదు, కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు పడాలి. డాక్టర్ అడిగేది అదే.